నాణెం మీద ఎడమ చెయ్యి

టంకశాల, నమూనాల గది
నవంబరు 3

అక్కా,

ఈ ఉత్తరం ఇవాళే రాయడానికి కారణం ఒకటే. డిసెంబరు ఇరవయ్యో తేదీన నేనొక కాగితం మీద సంతకం పెట్టాలి. పెట్టిన తర్వాత ఇక ఏ గీతా మార్చడానికి ఉండదు. ఆలోగా నువ్వొక బొమ్మ చూసి, అది సరిగ్గా ఉందో లేదో చెప్పాలి. నువ్వు తప్ప చెప్పగలిగేవాళ్ళు నాకెవరూ లేరు.

సంగతి మొదటినుంచీ చెప్తాను. పాత సీమల పేరు మీద ప్రభుత్వం నాణేలు వేయిస్తోందని పోయిన ఏడాది రాశాను గుర్తుందా? బజారులో చెల్లేవి కావు, చిన్న పెట్టెలో మెత్త మీద పెట్టి దాచుకునేవి. ఒకవైపు ప్రభుత్వ ముద్ర, రెండోవైపు ఆ సీమకు గుర్తుగా ఏదో ఒకటి. ఇప్పటికి మూడు వచ్చాయి. నాలుగోది మన సీమది. బొమ్మ కోసం పదకొండు మంది గీశారు. తొమ్మిది మంది కొండలే గీశారు. ఒకాయన పాత కోటగోడ గీశాడు. నేను నిన్ను గీశాను.

అవునక్కా, నిన్నే. తివాచీ మగ్గం ముందు కూర్చున్న మనిషి, భుజం వెనకనుంచి చూసినట్టు. మొహం కనిపించదు, భయపడకు. కనిపించేది చేతులూ, పడుగు దారాలూ, వేళ్ళ మధ్య ముడీ, కొక్కెం కత్తీ, పక్కన ముళ్ళు అదిమే దువ్వెన. మన ఇంట్లో బడి గడప తొక్కిన మొదటిదాన్ని నేను. ఆ బడిలో నేర్చుకున్నదంతా పక్కనపెట్టి, నాకు ముందునుంచీ తెలిసినదాన్నే గీశాను. అదే గెలిచింది.

కమిటీలో ఒక పెద్దమనిషి కళ్ళజోడు సవరించుకుని, "ఇది సరిగ్గా ఉందని ఎవరు చెప్తారమ్మా? ఈ పని గురించి పుస్తకాల్లో రెండు పేరాలకు మించి లేవు" అన్నాడు. నా నోటినుంచి "మా అక్క చెప్తుందండీ" అని వచ్చేసింది. అందరూ నవ్వారు. మా ఆఫీసరు మాత్రం నవ్వకుండా ఫైల్లో రాసేశాడు. 'సరిచూచువారు: చిత్రకారిణి అక్క.' కాబట్టి నువ్విప్పుడు ప్రభుత్వ ఫైల్లో ఉన్నావు, తప్పించుకోలేవు.

నమూనా చెక్కేది పెద్దాయన. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఇదే గదిలో, ఇదే కిటికీ కింద. ఆయన మాట ఎప్పుడూ ఒకటే. "కాగితం మీద తప్పయితే చెరిపేస్తాం. లోహం మీద తప్పుతో మాత్రం కాపురం చెయ్యాలి." అందుకే అడుగుతున్నాను.

బొమ్మ నకలు ఇందులో మడిచి పెట్టాను. వెలుతురులో చూడు. అన్నట్టు, నీ ఉత్తరాల్లో ఈమధ్య సిరా బాగా అలుక్కుపోతోంది. నీ పెన్ను కక్కుతున్నట్టుంది. కొత్తది పంపుతున్నాను.

నీ చెల్లి

ఇల్లు, వంటింటి కిటికీ దగ్గర
నవంబరు 12

పలకా,

పలకా అని పిలవొద్దు, ఆఫీసులో ఎవరైనా చూస్తే నవ్వుతారు అన్నావు పోయినసారి. నేను మానను. పుస్తకాల సంచీ కంటే ముందు పలకనే చంకలో పెట్టుకుని తిరిగినదానివి, పలకవి కాక ఏమవుతావు?

ఉత్తరం అందింది. పెన్ను అందింది. మంచి పెన్ను.

బొమ్మ చూశాను. ముందు వంటింట్లో చూశాను. తర్వాత వాకిట్లోకి పోయి చూశాను. పక్కింటి టైలరమ్మ వచ్చి భుజం మీంచి తొంగి చూసి, "ఇది నువ్వా? నీ నడుం ఇంత సన్నగా ఎప్పుడుండేదే?" అంది. నా చెల్లెలి కళ్ళకి అలా కనిపించింది, నీకెందుకే మంట అన్నాను.

కాగితం కింద 'చారిత్రక సీమ' అని రాసుంది. చారిత్రక అంటే ఏంటని టైలరమ్మ అడిగితే, పాతదీ పేరున్నదీ అని చెప్పాను. దానికి ఆవిడ, "అంటే చచ్చిపోయిందనేగా, మంచిగా చెప్పడం" అంది. ఈవిడకి నోరెక్కువ. నువ్వేం పట్టించుకోకు.

సరిచూడమన్నావు కాబట్టి చూశాను. దువ్వెనకి నువ్వు ఎనిమిది పళ్ళు వేశావు. మనది తొమ్మిది. ఎనిమిది పళ్ళది అవతలి ఊరివాళ్ళు వాడతారు. మార్చు. పడుగు దారాలు బాగున్నాయి. కూర్చున్న పీట బాగుంది, ఒక కాలు పొట్టిగా వెయ్యడం కూడా మర్చిపోలేదు నువ్వు.

చేతుల సంగతి. ఎవరు చెప్పారే నీకు? సరే, ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. చెప్పినా నన్నేమీ అడక్కుండా, తిట్టకుండా, ఏడవకుండా ఇలా బొమ్మలో పెట్టి పంపావు చూడు. నువ్వు పెద్దదానివైపోయావు. ఇక దాని గురించి మనం మాట్లాడుకోవద్దు. నాకు చాలా బాగుంది. అంతే.

సంతకం పెట్టెయ్. వేళకి తిను.

అక్క

టంకశాల, నమూనాల గది
నవంబరు 21

అక్కా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. "ఎవరు చెప్పారే నీకు" అన్నావు. నాకెవరూ ఏమీ చెప్పలేదు. దేని గురించి? నేను తిట్టాల్సింది, ఏడవాల్సింది ఏముంది? నువ్వు మగ్గం మీద గడిపిన రోజులు తలుచుకుని అలా రాశావేమో అనుకుని ఊరుకున్నాను.

దువ్వెన దిద్దాను. పెద్దాయన తొమ్మిదో పన్ను చెక్కుతూ, "మీ అక్క కన్ను గద్దకన్నమ్మా" అన్నాడు. నాకు గర్వంగా అనిపించింది. అది రెండురోజులు కూడా నిలవలేదు.

మొన్న ఆయన ప్లాస్టర్ నమూనా ముందు వంగి చేతుల దగ్గర చెక్కుతూ, ఏదో మామూలుగా అడిగాడు. "మీ సీమలో అందరూ ఎడమచేతివాటం వాళ్ళేనా అమ్మాయ్?"

నేను నవ్వాను. తర్వాత నమూనా వైపు చూశాను. నవ్వు ఆగిపోయింది.

కత్తి ఎడమ చేతిలో ఉంది. ముడి వేసేది ఎడమ చెయ్యి. పడుగు పట్టుకున్నది కుడి చెయ్యి. అక్కా, మన సీమలో అలా ఎవరూ నేయరు. కుడిచేత్తో ముడి, కుడిచేత్తో కోత. ఎడమచేతివాటం పిల్లలకి కూడా కుడిచేతికే కత్తి ఇచ్చి నేర్పిస్తారు, ఒకే మగ్గం మీద ఇద్దరు కూర్చుంటే మోచేతులు తగులుకుంటాయని. నాణెం బయటికి వచ్చిన మరుక్షణం మన వీధి ముసలమ్మలంతా పగలబడి నవ్వుతారు.

ఎలా జరిగిందో కూర్చుని ఆలోచిస్తే తెలిసింది. నేనెప్పుడూ నీ పక్కన కూర్చోలేదు. మగ్గం వెనక, గోడకీ దారాలకీ మధ్య ఉన్న ఆ సందులో కూర్చునేదాన్ని. వెలుతురు అక్కడే పడేది. నువ్వు అటు, నేను ఇటు, మధ్యలో పడుగు. దారాల సందుల్లోంచి నీ వేళ్ళు ఇవతలికి వచ్చి వెళ్ళేవి. నేను అక్షరం రాసి పలక దారాలకి ఆనిస్తే, నువ్వు ఆ సందుల్లోంచే చూసి "ఇది క, ఇది గ" అని నేర్చుకునేదానివి. నీ చేతులు నాకు ఎదురుగా ఉండేవి. నీ కుడిచెయ్యి నాకు ఎడమవైపు. ఇరవై ఏళ్ళుగా అలాగే గుర్తుండిపోయింది, అలాగే గీశాను. చదువుకున్నదాన్ని, కొలబద్ద పెట్టి గీసేదాన్ని, మా అక్క ఏ చేత్తో నేస్తుందో తప్పుగా గీశాను.

నా తప్పు నాకు అర్థమైంది. నాకు అర్థం కానిది నీ సంగతి. పళ్ళు ఎన్నో లెక్కపెట్టినదానివి, పీటకాలు పొట్టిదని గమనించినదానివి, కత్తి ఏ చేతిలో ఉందో చూడలేదా? చూసి ఎందుకు చెప్పలేదు?

నమూనా మార్చాలంటే ఆఫీసరు రుజువు అడుగుతున్నాడు. "నిన్న ఎడమ అన్నావు, ఇవాళ కుడి అంటున్నావు, రేపేమంటావో" అన్నాడు. మాటొక్కటే చాలదట. అందుకని ఒక ఫొటోగ్రాఫర్‌ను మన ఇంటికి పంపుతున్నారు. డిసెంబరు ఐదున వస్తాడు. మగ్గం ముందు కూర్చో, కుడిచేత్తో ముడి వేస్తూ ఉండు. ఎక్కువసేపు పట్టదు.

నీ చెల్లి

ఇల్లు
నవంబరు 28

నువ్వు ఎవర్నీ పంపొద్దు.

ఇంటికి సున్నం వేయిస్తున్నాను. మగ్గం విప్పేసి ఉంది, పై దూలానికి పురుగు పట్టింది. నాకు ఒంట్లో కూడా బాగాలేదు. కెమెరా పట్టుకుని ముక్కూమొహం తెలియని మనిషి ఇంట్లోకొస్తే నేను తలుపు తియ్యను. మాట పోయిందని తర్వాత నన్ను అనొద్దు.

ఎడమచెయ్యి ఉంటే ఉండనీ. ఎవరు చూస్తారు? పెట్టెలో దాచుకునే నాణేనికి కుడేంటి ఎడమేంటి? నవ్వేవాళ్ళు నవ్వుకుంటారు. మన వీధిలో నవ్వడానికి మాత్రం ఎంతమంది మిగిలారు?

తెలియక వేశావన్నమాట. ఉత్త పొరపాటన్నమాట. నేనొక పిచ్చిదాన్ని, ఏదేదో అనుకున్నాను.

చదువు ఎక్కువైతే మనుషుల్ని కూడా ఫైల్లో పెట్టి సరిచూడాలనిపిస్తుంది కాబోలు. నాకు పనుంది.

అక్క

హాస్టలు, నా గది
డిసెంబరు 3

అక్కా,

నీ ఉత్తరం చదివి మొదట కోపం వచ్చింది. రెండురోజులు జవాబు రాయకూడదనుకున్నాను. నువ్వు నాతో ఎప్పుడూ అలా మాట్లాడలేదు. పలకా అని కూడా రాయలేదు.

ఫొటోగ్రాఫర్‌ను ఆపించాను. నీకు జ్వరమని ఆఫీసరుకు అబద్ధం చెప్పాను. నేను ఆఫీసులో ఆడిన మొదటి అబద్ధం ఇది. కాబట్టి ఇప్పుడు నాకు నిజం చెప్పాల్సిన బాకీ నీది.

నేను కనిపెట్టింది రాస్తున్నాను. తప్పైతే తిట్టు.

మా ఆఫీసు గదిలో ఒక గుమాస్తా ఉన్నాడు, ఎడమచేత్తో రాస్తాడు. రాసుకుంటూ పోయేకొద్దీ అతని చెయ్యి తడి అక్షరాల మీదుగానే జరుగుతుంది. అతని కాగితాలన్నీ అలుక్కుపోయి ఉంటాయి, చిటికెనవేలి పక్కన ఎప్పుడూ సిరా మరక. నిన్న అతని రిజిస్టరు తిరగేస్తుంటే నీ ఉత్తరాలు గుర్తొచ్చాయి. పెన్ను మార్చినా అలుకుడు పోలేదు.

గదికి వచ్చి నీ ఉత్తరాలన్నీ మంచం మీద వరసగా పరిచాను. నాకు ఉద్యోగం వచ్చిన ఫిబ్రవరి దాకా నీ అక్షరాలు కుడివైపుకి వాలి, గుండ్రంగా ఉన్నాయి. నేను నేర్పిన అక్షరాలు. ఆ ఫిబ్రవరిలో వచ్చిన రెండు ఉత్తరాలు టైలరమ్మ చేతిరాత. "పెద్ద తివాచీ పని మీద ఉంది, తీరిక లేదు, నన్ను రాయమంది" అని ఉంది. ఏప్రిల్ నుంచి మళ్ళీ నువ్వు రాశావు. అక్షరాలు ఎడమకు పడిపోతున్నాయి, కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళ రాతలా, పెద్దపెద్దగా. నేనేమనుకున్నానో తెలుసా? అలవాటు తప్పి చెయ్యి తిరగడం లేదనుకున్నాను. అంతే అనుకున్నాను.

రెండుసార్లు వస్తానన్నాను. ఒకసారి ఇంటిమీద రేకులు మారుస్తున్నారన్నావు, ఇంకోసారి నువ్వే ఇక్కడికి వస్తానన్నావు, రాలేదు. నేనూ గట్టిగా పట్టుబట్టలేదు. నిజం చెప్పాలంటే సెలవు మిగిలిందని లోపల సంతోషించాను. అది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. నేను రాస్తే నువ్వూ రాస్తావని.

అక్కా, నీ కుడిచేతికి ఏమైంది?

పలక

ఇల్లు
డిసెంబరు 8

పలకా,

అడిగావుగా, చెప్తాను. మధ్యలో ఆపకుండా చదువు.

మూడు వేళ్ళు లేవు. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు. బొటనవేలూ చిటికెనవేలూ ఉన్నాయి. గ్లాసు పట్టుకోగలను. రవికె హుక్కు పెట్టుకోలేను, టైలరమ్మ పెడుతుంది, అందుకే ఆవిడ నోటికి నేను ఎదురు చెప్పలేను.

నువ్వు హాస్టల్లో ఉండి పరీక్షలు రాస్తున్నప్పుడే తివాచీ అడిగేవాళ్ళు ఆగిపోయారు. మిషన్ తివాచీలు వచ్చాక మన దాన్ని ముట్టుకుని చూసి, బాగుంది బాగుంది అని వెళ్ళిపోయేవాళ్ళు. ఒక్కొక్క ఇంట్లో మగ్గం ఆగిపోయింది. నేను నూలుమిల్లులో చేరాను. నీకు చెప్పలేదు. చెప్తే చదువు వదిలేసి వస్తానని సంచీ సర్దుకునేదానివి, నీ సంగతి నాకు తెలియదా?

మిల్లులో పని కష్టమైంది కాదు. దారం తెగితే ముడెయ్యాలి. ముడంటే నాకేం కొత్త? అక్కడే తప్పు చేశాను. మిషను ఆపి ముడెయ్యాలని రూలు. నాకు ఆపాల్సిన అవసరం అనిపించలేదు, పద్నాలుగేళ్ళ వయసునుంచి కళ్ళు మూసుకుని వేసినదాన్ని. నా ముడి నాకంటే ముందు వెళ్తుందని అక్కడివాళ్ళు అనేవాళ్ళు. ఆరోజు మిషను ముందు వెళ్ళింది.

గురువారం. ఆసుపత్రినుంచి కట్టుతో ఇంటికొచ్చేసరికి గడప మీద నీ ఉత్తరం ఉంది, ఉద్యోగం వచ్చిందని. టైలరమ్మతో చదివించుకున్నాను. "అక్కా, నా మొదటి ఉత్తర్వు మీద ముద్ర ఎంత బాగుందో చూడు" అని నకలు కూడా పంపావు. అది పట్టుకుని ఏడ్చాను. చెయ్యి కోసం ఏడ్చానో, నీకోసం ఏడ్చానో నాకే తెలీదు. టైలరమ్మ కూడా ఏడ్చింది. నోరెక్కువే కానీ మనిషి మంచిది. దానితో ఒట్టు వేయించుకున్నాను, పిల్లకి చెప్పొద్దని.

మగ్గం ఇంట్లో లేదు. పురుగూ లేదు, సున్నమూ లేదు, అన్నీ అబద్ధాలే. పెద్ద హోటలువాళ్ళు వచ్చి తీసుకుపోయారు. సగం నేసిన తివాచీతో సహా అలాగే కావాలన్నారు. ముందుగదిలో నిలబెట్టి చుట్టూ ఎర్రతాడు కట్టారు. ఒకసారి చూడ్డానికి వెళ్ళాను. తాడు దాటొద్దమ్మా అన్నాడు గుమ్మం దగ్గర మనిషి. అది మా అమ్మ మగ్గం అన్నాను. అందరూ అలాగే అంటారమ్మా అన్నాడు. మన సీమలో ఇంకెన్ని మగ్గాలు ఆ హోటళ్ళలో ఉన్నాయో.

ఇంకొకటి. ఇది టైలరమ్మకి కూడా చెప్పలేదు. నడుం విరిగిన పాత స్టూలు ఉంది కదా, దాన్ని బోర్లాపెట్టి కాళ్ళ మధ్య పడుగు కట్టాను. రోజూ పొద్దున మిల్లు కూత కూసే వేళకి కూర్చుంటాను. కత్తి ఎడమ చేతిలో. కుడిచేతిలో మిగిలిన రెండు వేళ్ళతో పడుగు విడదీస్తాను. మొదట్లో రోజుకి నాలుగు ముళ్ళు. ఇప్పుడు ఒక వరస. అరచెయ్యంత గుడ్డ అయ్యింది. వంకరగా ఉంది. అయినా ముడి ఊడిరాదు, లాగి చూశాను.

ఇప్పుడర్థమైందా? నీ బొమ్మ విప్పేసరికి కత్తి ఎడమ చేతిలో ఉంది. దీనికి తెలిసిపోయింది, స్టూలు సంగతి కూడా ఎలాగో తెలిసిపోయింది అనుకున్నాను. జాలి మాటలు రాయకుండా నేను ఎలా నేస్తున్నానో అలాగే గీసి పంపిందనుకున్నాను. రెండు వారాలు ఆ కాగితం దిండు కింద పెట్టుకున్నాను. తర్వాత నీ ఉత్తరం వచ్చింది, పొరపాటున వేశానని. ఆ కోపమే నీమీద చూపించాను. నీ తప్పు కాదది.

మార్చెయ్. కుడిచేతికే కత్తి ఇవ్వు. అందరూ నేసినట్టే ఉండాలి సీమ నాణెం. ఒక్క మనిషి చేతి కోసం అందరి చెయ్యీ తిప్పడం న్యాయం కాదు. వీధి చివర ముసలామె ఇంకా బతికే ఉంది, చూపు లేదు కానీ నాణెం చేతికిస్తే తడిమి చెప్పేస్తుంది. ఆవిడ దగ్గర నువ్వు మాట పడకూడదు.

అక్క

టంకశాల, నమూనాల గది
డిసెంబరు 11

అక్కా,

ఆపకుండా చదవమన్నావు. ఆపకుండానే చదివాను. తర్వాత నీళ్ళ కుళాయి దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఆ గురువారం ఇక్కడ నేనేం చేస్తున్నానో గుర్తుంది. కొత్త చెప్పులు కొనుక్కుంటున్నాను. దాని గురించి ఇంకేమీ రాయలేను. ముఖాముఖి చెప్తాను, ఈసారి రేకులు మారుస్తున్నారన్నా వస్తాను.

నీ అనుమతి అడక్కుండా నీ ఉత్తరం పెద్దాయనకు ఇచ్చాను. క్షమించు. నాకు ఒక్కదానికే మొయ్యడం చేతకాలేదు. ఆయన కిటికీ వైపు తిరిగి చదివాడు. చదివి కళ్ళజోడు తీసి తుడిచాడు, మళ్ళీ తుడిచాడు. తర్వాత అన్నాడు. "ముప్పై ఎనిమిదేళ్ళలో ఎన్ని చేతులు చెక్కానో అమ్మాయ్. రైతు చెయ్యి, సైనికుడి చెయ్యి, తల్లి చెయ్యి. అన్నీ ఒకటే చెయ్యి. అద్దంలో చూసుకుని చెక్కిన నా చెయ్యే." అని తన చేతిని తిప్పి చూసుకున్నాడు.

నువ్వు మార్చమన్నావు. మొన్నటిదాకా నేనూ అదే అనుకున్నాను. కానీ ఇప్పుడు అలా మారిస్తే ఏమవుతుందో చూడు. పది వేళ్ళూ సరిగ్గా ఉన్న మనిషి, ఇంట్లో మగ్గం, కుడిచేతిలో కత్తి. ఇప్పుడు మన సీమలో అలా కూర్చున్న మనిషి ఒక్కరైనా ఉన్నారా? నువ్వే రాశావు, ఒక్కొక్క ఇంట్లో మగ్గం ఆగిపోయిందని. అది నిజమైన చెయ్యే, కానీ లేని చెయ్యి. ఎర్రతాడు కట్టిన మగ్గం లాంటిదే.

ఉన్నట్టు వదిలేస్తే అది నా పొరపాటు. పది వేళ్ళతో ఎడమచేత్తో నేసేవాళ్ళు మన సీమలో ఎప్పుడూ లేరు. ముసలామె నవ్వితే ఆవిడ తప్పు కాదు.

మూడో దారి ఒకటి ఉంది. కత్తి ఎడమ చేతిలోనే ఉండనిచ్చి, పడుగు విడదీసే కుడిచేతిని ఎలా ఉందో అలా చెక్కడం. రెండు వేళ్ళు. అప్పుడు ఆ బొమ్మలో ఒక్క గీత కూడా తప్పు ఉండదు. ముసలామె తడిమి చూసినా ఎందుకు ఎడమచెయ్యో ఆవిడకి వెంటనే తెలుస్తుంది. బతికున్న మనిషి, ఇవాళ పొద్దున కూడా ఒక వరస నేసిన మనిషి ఉంటుంది ఆ నాణెం మీద.

ఆఫీసరుకు చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు, కానీ మొహం మాడ్చుకున్నాడు. "నాణెం మీద అవిటితనం ఏమిటమ్మా? మనం సీమను గౌరవిస్తున్నామా, జాలిపడుతున్నామా?" అన్నాడు. మెట్లు దిగుతుంటే జవాబు తట్టింది. వెనక్కి వెళ్ళి చెప్పాను. "జాలిపడే బొమ్మయితే ఆమె చేతిలో కత్తి ఉండదండీ." ఆయన ఫైలు మూసి, ఇరవైన కమిటీ ముందు నన్నే చెప్పుకోమన్నాడు. వాళ్ళు కాదంటే బొమ్మ మరొకరి పేరు మీద కుడిచేత్తో వెళ్తుంది, నన్ను పెట్టెలు సర్దే హాలుకు మారుస్తారు. ఈ గది పోతుంది. ఒప్పుకుంటారని నేననుకోవడం లేదు, పెద్దాయన కూడా అనుకోవడం లేదు. అయినా అడుగుతాను.

కానీ అది నీ చెయ్యి. రెండేళ్ళు కొంగు కింద దాచుకున్న చెయ్యి. నువ్వు వద్దంటే వద్దు. కారణం చెప్పక్కర్లేదు, కమిటీ దాకా పోనివ్వను, నువ్వు చెప్పినట్టే కుడిచేతికి కత్తి ఇచ్చి సంతకం పెట్టేస్తాను. ముందోసారి అడక్కుండా నిన్ను ఫైల్లో పెట్టాను. రెండోసారి అలా చెయ్యను.

ఈ ఉత్తరంతో ఒక తెల్లకాగితం పెట్టాను. ఫొటో వద్దు, తెలియని మనిషి రావద్దు. నీకు ఇష్టమైతే కుడిచేతిని దాని మీద ఆనించు, ఎడమచేత్తో పెన్ను పట్టుకుని చుట్టూ గీత గియ్యి. గీత వణికినా, సిరా అలికినా పర్వాలేదు. దాన్ని చూసి పెద్దాయన చెక్కుతాడు. చెక్కడానికి ఆయనకు రెండురోజులు కావాలి. ఇష్టం లేకపోతే కాగితాన్ని ఖాళీగానే మడిచి పంపు. నాకు అర్థమవుతుంది, ఇంకెప్పుడూ అడగను.

చిన్నప్పుడు నేను పలక దారాలకి ఆనిస్తే నువ్వు అటువైపు నుంచి చదివేదానివి. ఇప్పుడు నువ్వు ఆనించు, నేను చదువుతాను.

ఎలా ఉన్నా సరే, ఆ కాగితం పద్దెనిమిదో తేదీ సాయంత్రం టపాలోగా నాకు చేరాలి. అందిన రోజే పోస్టు చెయ్యి.

పలక